తేనెటీగలు వేరు కాపురం పెట్టకముందే మీరేం చేయాలి

సంక్రాంతి వెళ్లి, మునగచెట్లు తెల్లగా పూతకొచ్చాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "పొద్దున పెట్టె బాగానే ఉందండీ. పదకొండింటికి ఈగలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చి పక్కింటి మామిడికొమ్మకు పట్టాయి. ఇప్పుడేం చేయాలి?" ఒకరు నాగోల్ నుంచి, ఇంకొకరు సైనిక్‌పురి నుంచి. అందరిదీ అదే కథ. అప్పటికి చేయగలిగింది కొంచెమే. చేయాల్సిందంతా అంతకు మూడు నాలుగు వారాల ముందు ఉంటుంది. అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాస్తున్నాను.

ఇది పెరట్లోనో మేడమీదో ఒకటి రెండు పెట్టెలు పెట్టుకున్నవాళ్ల కోసం. అదీ మన పుట్టతేనెటీగల గురించి. అపార్ట్‌మెంట్ల సజ్జాల కింద, వాటర్ ట్యాంకుల కింద చేటంత పట్టు పెట్టే కొండతేనెటీగలు వేరే జాతి. అవి పెట్టెలో ఉండవు, వాటి జోలికి వెళ్లకండి. మీ దగ్గరున్నవి పెద్ద పెట్టెల్లో పెంచే ఐరోపా ఈగలైతే పద్ధతి దాదాపు ఇదే కానీ పెట్టె కొలతలూ ఫ్రేముల (పట్టు కట్టుకునే చెక్క చట్రాల) లెక్కా మారతాయి.

ముందు ఇది తేల్చుకోండి: విడిపోయాయా, పారిపోయాయా?

నన్నడిగేవాళ్లలో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. కానీ దీని మందు దానికి పనికిరాదు.

విడిపోవడమంటే వేరు కాపురమే. ఇంట్లో జనం పెరిగి, తిండికి లోటు లేనప్పుడు పాత రాణి సగం మందినో అంతకన్నా ఎక్కువనో వెంటబెట్టుకుని బయటికి పోతుంది. పెట్టెలో మిగతా ఈగలు, పిల్లలు, తేనె, పుట్టబోయే కొత్త రాణి ఉంటాయి. హైదరాబాద్‌లో ఇది ఎక్కువగా జనవరి చివర నుంచి వేపపూత అయ్యేదాకా, అంటే ఏప్రిల్ వరకు జరుగుతుంది. వానలు వెనకబట్టాక, దసరా దీపావళి రోజుల్లో ఇంకోసారి కొద్దిగా.

పారిపోవడమంటే ఇల్లు ఖాళీ చేసి పోవడం. పెట్టెలో ఈగ ఉండదు, తేనె చుక్క ఉండదు, అడుగున మైనం పొట్టు, బూజులాంటి మైనపు పురుగు గూళ్లు ఉంటాయి. రోహిణి ఎండల్లో పెట్టె మీద నీడ లేకపోయినా, ముసురుపట్టి పూలు దొరక్కపోయినా, చీమలు పడినా మన ఈగలు ఈ పని చేస్తాయి. మీ పెట్టె ఇలా ఖాళీ అయితే ఈ కింది పద్ధతి మీకు అక్కరకు రాదు. నీడ, నీళ్లు, కరువు రోజుల్లో చక్కెర పాకం చూసుకోండి.

కావాల్సినవి

- ముఖానికి ముసుగు, పొగడబ్బా. పొగకు కొబ్బరిపీచు, పాత గోనెసంచి ముక్క చాలు. ప్లాస్టిక్ దారం కలిసిన సంచి వద్దు.
- పెట్టె తెరిచే ఉలి (లేదంటే వెడల్పాటి స్క్రూడ్రైవర్), మెత్తటి బ్రష్, పదునైన చిన్న కత్తి.
- ఒక ఖాళీ పెట్టె. దీన్ని సంక్రాంతికి ముందే కొనిపెట్టుకోండి. అవసరం పడిన రోజు వెతికితే దొరకదు.
- పెట్టె మీద అదనంగా పెట్టే తేనె గది (సూపర్) ఒకటి, మైనపు రేకులు అంటించిన ఫ్రేములు నాలుగైదు. పోయినేటి కట్టిన పట్టు ఉన్న ఫ్రేములైతే బంగారం.
- నోట్‌బుక్, ఫోన్‌లో టార్చ్, నాలుగు గుండుపిన్నులు. పిన్నులెందుకో తర్వాత చెబుతాను.

ఈగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవాళ్లు, ఊపిరి ఆడనివాళ్లు ఈ పని పెట్టుకోవద్దు. పెట్టె తెరిచినప్పుడు ఎవరికైనా అలా అయితే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

1. వారానికోసారి పెట్టె తెరవండి

కొత్త రాణిని పెంచడానికి ఈగలు ప్రత్యేకంగా కట్టే పెద్ద గూడే రాణి గూడు. అందులో పడ్డ గుడ్డు మూడో రోజుకు పగులుతుంది. ఎనిమిదో రోజుకల్లా కూలి ఈగలు ఆ గూటికి మూత వేస్తాయి. ఇంచుమించు పదహారో రోజుకు కొత్త రాణి బయటికొస్తుంది. పాత రాణి అంతదాకా ఆగదు. మొదటి గూటికి మూత పడిందంటే ఆ రోజో మర్నాడో ఎండ కాయగానే బయల్దేరుతుంది. అందుకే పదిహేను రోజులకోసారి చూస్తే సరిపోదు. జనవరి చివర నుంచి ఏప్రిల్ దాకా ఏడు రోజులకోసారి, పూత జోరుగా ఉన్నప్పుడు ఐదారు రోజులకోసారి చూడండి.

పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య చూడండి. మార్చి దాటాక మిట్టమధ్యాహ్నం తెరిస్తే పట్టు మెత్తబడి ఫ్రేములోంచి ఊడి కింద పడుతుంది. నాకు ఒకసారి పడింది. తేనె కారి, చీమలు పట్టి, రెండు రోజుల గోల. మబ్బుగా ఉన్నా, చినుకులు పడుతున్నా మూత తీయకండి.

ద్వారం దగ్గర రెండు మూడు దమ్ముల పొగ, మూత తీశాక ఇంకో దమ్ము, అంతే. ఎక్కువ పొగపెడితే ఈగలు పట్టు మీద అటూఇటూ పరుగెడతాయి, మీకేమీ కనబడదు.

2. ఏం చూడాలి

రాణిని వెతుక్కుంటూ కూర్చోకండి. మన జాతి రాణి నల్లగా, బెదురుగా ఉంటుంది, ఫ్రేము ఎత్తగానే వెనక్కి పరుగు తీస్తుంది. గుడ్లు కనబడితే చాలు. పట్టులోని అరలో నిలువుగా నిలబడ్డ గుడ్డు ఉందంటే మూడు రోజుల్లోపు రాణి అక్కడ ఉన్నట్టే. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడి, ఫ్రేమును కొంచెం వంచి చూడండి, అర అడుగున సన్నటి తెల్ల దారప్పోగు ముక్కలా కనిపిస్తుంది.

తర్వాత పోతుటీగలు. పట్టు అంచున కాస్త పెద్ద అరలు, ఉబ్బెత్తు మూతలు ఉంటాయి. మన జాతిలో ఆ మూత నడిమధ్య సూదితో పొడిచినట్టు చిన్న బెజ్జం ఉంటుంది, పొరబడే వీల్లేదు. అవి గుత్తులుగా కనబడ్డాయంటే ఇంట్లో పెళ్లి మాటలు మొదలైనట్టే. ఇంకో రెండు మూడు వారాల్లో రాణి గూళ్లు కడతాయి. ఆ రోజు నోట్‌బుక్‌లో తారీఖు రాసి పెట్టుకోండి.

ఆఖరున ప్రతి ఫ్రేము కింది అంచు. విడిపోవడానికి కట్టే రాణి గూళ్లు అక్కడే వేలాడతాయి, వేరుశనక్కాయను నిలువుగా తగిలించినట్టు. ఇంకా మొదట్లోనైతే తలకిందులుగా పెట్టిన చిన్న గిన్నెలా ఉంటుంది. గిన్నె ఖాళీగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు, అవి ఊరికే కట్టి ఉంచుకుంటాయి. గిన్నెలో గుడ్డో, పిల్ల రాణికి తిండిగా పెట్టే తెల్లటి జెల్లీయో ఉంటే నిర్ణయం జరిగిపోయింది.

ఒకటో రెండో గూళ్లు పట్టు మధ్యలో ఉంటే అది వేరే సంగతి. పాత రాణి బలహీనపడితే ఈగలే మార్చుకుంటున్నాయి. వాటిని ముట్టుకోకండి.

3. గూళ్లు కట్టకముందే చోటు ఇవ్వండి

అసలైన నివారణ ఇదే. మిగతాదంతా మరమ్మతు.

ఎనిమిది ఫ్రేముల పిల్లల గదిలో (రాణి గుడ్లు పెట్టే కింది గది) ఏడు ఫ్రేముల మీద ఈగలు కమ్ముకుని, పై పట్టీల మీద కొత్త తెల్లమైనం గీతలు కనబడుతుంటే అదే రోజు సూపర్ పెట్టండి. వచ్చే ఆదివారం అనుకోకండి. సూపర్‌లో అన్నీ ఖాళీ రేకులే పెడితే ఈగలు పైకెక్కడానికి వారం తటపటాయిస్తాయి. కట్టిన పట్టు ఒక్కటైనా ఉంటే మర్నాటికే ఎక్కుతాయి.

రెండో చిక్కు ఎక్కువమంది గమనించరు. పూత జోరులో పిల్లల గదిలోని అరలు కూడా తేనెతో నిండిపోతాయి, రాణికి గుడ్డు పెట్టడానికి చోటుండదు. పైన సూపర్ ఖాళీగా ఉన్నా కింద ఇరుకే. పెట్టె చివరి ఫ్రేములు తీసి చూడండి. పిల్లలు లేకుండా నిండా తేనె ఉంటే ఒక ఫ్రేము తీసేసి, పిల్లలున్న ఆఖరి ఫ్రేముకూ తేనె ఫ్రేముకూ మధ్య ఖాళీ పట్టో రేకో పెట్టండి. సూపర్ ఫ్రేములు పొట్టివి కాబట్టి తీసినదాన్ని పైకి మార్చడం కుదరదు. ఇంట్లోవాళ్లు రుచి చూడటానికి ఆ ఒక్కటి చాలు. ఖాళీ ఫ్రేమును పిల్లల మధ్యలో పెట్టకండి, చిన్న కుటుంబమైతే పిల్లలు రెండు ముక్కలై కొన్నిటికి వెచ్చదనం అందదు.

నల్లబడిన పాత పట్లను కూడా ఇప్పుడే, ఒక్కో వారం ఒక్కోటి చొప్పున మార్చేయండి. సూపర్‌లో ముప్పాతిక వంతు అరలకు మూత పడితే తేనె తీసేసి ఖాళీ పట్టు తిరిగి పెట్టండి.

పెట్టెకు నీడ, గాలి చూడండి. మధ్యాహ్నాలు ద్వారం ముందు ఈగలు గడ్డంలా వేలాడుతుంటే లోపల ఉక్క పోస్తోందని అర్థం. మేడమీద సిమెంటు గచ్చు మీద పెట్టిన పెట్టెలకు ఇది ఎక్కువ. పైన తాటాకో, తడిపిన గోనెపట్టో వేసి, స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, చీమలూ రావు.

పూత దండిగా ఉన్నప్పుడు చక్కెర పాకం పోయకండి. "బలానికని పోశానండీ" అంటారు. ఆ బలమే వాటిని బయటికి నడిపిస్తుంది.

4. గూళ్లు కనబడ్డాయి. కోసేస్తే సరిపోదా?

సరిపోదు. కోస్తే మీకు ఒక వారం దొరుకుతుంది, అంతే. పట్టుదల మీద ఉన్న ఈగలు మళ్లీ కడతాయి, ఈసారి మీకు కనబడని మూలన. పైగా గూళ్లు కోసేవాళ్లు చేసే పొరపాట్లు రెండున్నాయి.

ఒకటి, ఫ్రేము మీద ఈగలు ఉండగానే చూసి పెట్టేయడం. కింది అంచున ఈగలు గుత్తిగా పట్టుకుని ఉన్నచోటే గూడు ఉంటుంది. ఫ్రేమును పెట్టెలోకే ఒక్క విదుపు విదిలించి, మిగిలినవాటిని బ్రష్‌తో తోసి చూడాలి. పది కోసి ఒకటి వదిలేసినా, పదీ వదిలేసినా ఫలితం ఒక్కటే.

రెండు, దీన్ని మించినది. రాణి అప్పటికే వెళ్లిపోయిందేమో చూడకుండా గూళ్లన్నీ కోసేయడం. మూత పడ్డ గూళ్లు కనబడితే కత్తి తీయకముందు గుడ్లు వెతకండి. గుడ్లు లేకపోతే ఆ గూళ్లే మీ పెట్టెకున్న ఆఖరి ఆశ. మొదటేడు నేను సరిగ్గా ఇదే చేశాను. పద్నాలుగు గూళ్లు నీటుగా కోసి, గొప్పగా ఫొటో తీసుకుని, నెల తిరక్కుండా కుటుంబాన్ని పోగొట్టుకున్నాను.

కాబట్టి గూళ్లు గుడ్డు లేదా జెల్లీ దశలోనే ఉండి, పెట్టె మరీ కిక్కిరిసి లేకపోతే కోసి, చోటిచ్చి, ఐదో రోజు మళ్లీ చూడండి. రెండోసారీ కడితే ఇక కోయడం ఆపేసి కింది మెట్టుకు రండి.

ద్వారానికి రాణి జాలీ (కూలి ఈగలు మాత్రమే దూరగల సన్న సందుల తెర) పెడితే ఆగిపోతుందా అనీ అడుగుతారు. రెండు మూడు రోజులు ఆగుతుంది. ఆ తర్వాత పోతుటీగలు జాలీలో ఇరుక్కుని చచ్చి దారి మూసుకుపోతుంది, లోపల కొత్త రాణి పుట్టి గొడవ మొదలవుతుంది. కన్నె రాణిని జాలీ వెనక ఉంచితే అది జతకట్టడానికి బయటికి పోలేదు, గుడ్లు పెట్టలేదు. మీరు ఊళ్లో లేని రెండ్రోజులకు తప్ప జాలీ వద్దు. రాణి రెక్క కత్తిరించడం కూడా వద్దు. అది విడిపోవడాన్ని ఆపదు, రాణి గడ్డిలో పడి చీమల పాలవుతుంది.

5. మీరే వేరు కాపురం పెట్టించండి

అవి పోదామనుకుంటున్నాయి. మనమే ముందుగా వేరు పెట్టేస్తే పోయే అవసరం తీరిపోతుంది. ఎండ బాగున్న రోజు, పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టండి.

అ) ఖాళీ పెట్టెను పాత పెట్టె పక్కన పెట్టుకోండి. గుడ్లు తాజాగా ఉన్న ఫ్రేముల్లో రాణిని వెతకండి. దొరికితే ఆ ఫ్రేముతో సహా కొత్త పెట్టెలో పెట్టండి. ఆ ఫ్రేము మీద రాణి గూళ్లుంటే అన్నీ తీసేయాలి.

ఆ) మూత వేసిన పిల్లలున్న ఫ్రేము ఇంకొకటి, తేనె పుప్పొడి ఉన్న ఫ్రేము ఒకటి కలపండి. వీటి మీద కూడా గూళ్లు మిగలకూడదు. మొత్తం మూడు. ఇంకో ఫ్రేము మీది ఈగల్ని కూడా ఇందులోకి విదిలించండి, ఎందుకంటే ఎగిరే ఈగలు సాయంత్రానికి పాత ఇంటికే పోతాయి, కొత్త పెట్టె పలచబడుతుంది.

ఇ) పాత పెట్టెలో ఒక్క రాణి గూడు ఉంచండి. పొడుగ్గా, తిన్నగా ఉన్నదాన్ని ఎంచుకుని ఆ ఫ్రేము పై పట్టీకి గుండుపిన్ను గుచ్చండి. ఈ ఫ్రేమును మాత్రం విదిలించకండి, లోపలి రాణి దెబ్బతింటుంది. బ్రష్‌తో మెల్లగా తోయండి. మిగతా గూళ్లన్నీ కోసేయండి. "ఒకటి పోతే ఎలా, నాలుగుంచుదాం" అనిపిస్తుంది. నాలుగుంచితే మొదటి కన్నె రాణి కూడా ఇంకో గుంపును తీసుకుని పోతుంది. అలా మూడుసార్లు విడిపోయి గుప్పెడు ఈగలు మిగిలిన పెట్టెలు చూశాను.

ఈ) కొత్త పెట్టెను వేరే చోటికి మార్చండి. రెండు కిలోమీటర్ల అవతల చుట్టాలిల్లు ఉంటే అంతకన్నా హాయి లేదు. నేను బోడుప్పల్ నుంచి ఏఎస్ రావు నగర్‌లో చెల్లెలి ఇంటికి రాత్రి తొమ్మిదింటికి ఆటోలో తీసుకెళ్లాను. ద్వారానికి గుడ్డ కుక్కకండి, దోమల జాలీ కట్టండి, లేకపోతే లోపల వేడికి ఉడికిపోతాయి. చుట్టాలు లేకపోతే అదే పెరట్లో వేరే మూల పెట్టి, ద్వారం ఎదురుగా ఆకుల కొమ్మ ఒకటి ఆనించండి. బయటికొచ్చిన ఈగ ఆగి కొత్త చోటును గుర్తుపెట్టుకుంటుంది.

ఉ) కొత్త పెట్టెకు వారం పాటు సాయంత్రాలు పాకం ఇవ్వండి: ఒక పాలు చక్కెర, ఒక పాలు నీళ్లు, చల్లార్చి, పెట్టె లోపలే. చుక్క బయట ఒలికినా చీమలు, పక్క పెట్టె దొంగ ఈగలు వస్తాయి.

రాణి దొరక్కపోతే? గంటసేపు వెతకకండి. గూళ్లన్నీ తీసేసి, గుడ్లున్న ఫ్రేము రెండు పెట్టెల్లోనూ ఉండేలా పంచేయండి. నాలుగో రోజు చూస్తే ఒక పెట్టెలో తాజా గుడ్లుంటాయి, రాణి అందులో ఉంది. గుడ్లు లేని రెండోదాంట్లో పట్టు మీద ఎక్కడపడితే అక్కడ కొత్త గూళ్లు మొదలై ఉంటాయి. వాటిలో ఒకటి ఉంచితే సరి.

పిల్ల పురుగులు సాగి, తల పైకెత్తి, తిత్తిలా మారి చచ్చి ఉంటే ఆ పెట్టెను విడదీయకండి, దాని ఫ్రేములు ఇంకో పెట్టెలో పెట్టకండి. అది తిత్తి రోగం. 1991-92లో దక్షిణాదిన పుట్టతేనెటీగల్ని తుడిచిపెట్టిన వైరస్ జబ్బు అదే.

6. పని అయిందో లేదో చూసుకోవడం

మర్నాడు పొద్దున రెండు ద్వారాల దగ్గర పది నిమిషాలు నిలబడండి. కాళ్లకు పసుపు పుప్పొడి ముద్దలతో లోపలికి పోతుంటే ఇల్లు కుదురుకుంది.

పాత పెట్టెను తొమ్మిదో రోజు తెరిచి పిన్ను గుచ్చిన ఫ్రేము ఒక్కటే చూడండి. గూడు కొనను డబ్బా మూత తీసినట్టు గుండ్రంగా కోసి ఉంటే రాణి పుట్టింది. పక్కన బెజ్జం ఉంటే లోపలే చంపేశాయి. అప్పుడు కొత్త పెట్టె నుంచి గుడ్లున్న ఫ్రేము ఒకటి తెచ్చి ఇవ్వండి, మళ్లీ కట్టుకుంటాయి. రాణి పుట్టిందనిపిస్తే మూత పెట్టి రెండు వారాలు ముట్టుకోకండి. అది మధ్యాహ్నాలు జతకట్టడానికి బయటికి పోయొస్తుంది. మీరు పెట్టె తెరిచి గందరగోళం చేస్తే దారి తప్పుతుంది. పెళ్లికూతురు వెళ్లిన వేళ ఇంటి తలుపు రంగు మార్చినట్టు.

ఇరవైమూడో రోజు ప్రాంతంలో చూడండి. అరకు ఒక్క గుడ్డు, అడుగున మధ్యలో ఉంటే అంతా సవ్యం. ఒకే అరలో మూడు నాలుగు గుడ్లు, గోడలకు అంటుకుని ఉంటే రాణి లేదు, కూలి ఈగలే పెడుతున్నాయి. వాటి నుంచి పోతుటీగలు తప్ప ఏమీ రావు. మన జాతిలో ఈ దశ త్వరగా వస్తుంది, ఆలస్యం చేయకుండా రాణి ఉన్న పెట్టెలో కలిపేయండి. కలపడానికి సాయంత్రం రాణి ఉన్న పెట్టె మీద సన్న బెజ్జాలు పొడిచిన దినపత్రిక కాగితం పరిచి, దానిపైన రెండోదాన్ని పెడితే చాలు. కాగితం కొరికేలోపు రెండింటి వాసనా ఒకటవుతుంది.

7. ఇవన్నీ చదివేలోపే వెళ్లిపోతే

గుంపు ముందు దగ్గర్లో కొమ్మకు ముద్దగా పడుతుంది, కొన్ని గంటలో ఒకటి రెండు రోజులో అక్కడే ఉంటుంది. ఆ సమయంలో అవి కుట్టే ధ్యాసలో ఉండవు, రాళ్లేస్తేనూ పొగబెడితేనూ తప్ప. ముందు పక్కింటివాళ్లకు చెప్పండి. మాది పోయినేడు పక్కింటి పిన్నిగారి దానిమ్మకు పట్టింది, ఆవిడ మేడమీద వడియాలు పెడుతున్నారు. వడియాలు ఎండేదాకా ఆగి, పొద్దు వాలాక పట్టుకున్నాం.

ముద్ద మీద నీళ్లు స్ప్రే చేయండి, తడిస్తే ఎగరవు. కింద ఖాళీ పెట్టె పట్టుకుని కొమ్మను ఒక్క కుదుపు కుదపండి. పెట్టెలో ముందే పిల్లలున్న ఫ్రేము ఒకటి, ఖాళీ పట్లు రెండు పెట్టి ఉంచాలి. ఆ పిల్లల్ని వదిలి ఈగలు సాధారణంగా పోవు. బయట మిగిలినవి ద్వారం దగ్గర నిలబడి, పొట్టలెత్తి రెక్కలు విసురుతూ మిగతావాటిని పిలుస్తుంటే రాణి లోపల పడ్డట్టే. అన్నీ మళ్లీ కొమ్మకే పోతుంటే రాణి అక్కడే ఉంది, ఇంకోసారి కుదపాలి. చీకటి పడ్డాక తీసుకొచ్చి కొత్త చోట పెట్టండి.

అదే సాయంత్రం పాత పెట్టె తెరిచి గూళ్లను ఒక్కటి మిగిల్చి తీసేయడం మరిచిపోకండి. అందరూ కొమ్మ మీదవాటి హడావుడిలో ఇది మరిచిపోతారు. ఎనిమిదో రోజు రెండో గుంపు లేస్తుంది, నాకు మళ్లీ ఫోన్ వస్తుంది.